తరవాణి కుండ నుంచి కొంబూచా సీసా దాకా

ఇవాళ సింగపూరులో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా చల్లటి పానీయాల అరలో కొంబూచా సీసాలు వరసగా కనిపిస్తాయి. పేరు వింటే బూచిలా ఉన్నా అది పులియబెట్టిన తీపి టీ, అంతే. జురాంగ్ ఐలాండ్‌లో ఉద్యోగాలు చేసే మా తెలుగువాళ్ళలో కొందరు దీన్ని కొనకుండా ఇంట్లోనే తయారుచేసుకుంటున్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మొదటిసారి ఆ తల్లి ఆరోగ్యంగా పెరగాలంటే ఏం చెయ్యాలి?" ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ చరిత్రలోకి వెళ్ళిన నేను చైనా, రష్యా, జర్మనీలు తిరిగి చివరికి కోనసీమలో ఒక వంటింటి మూలనున్న తరవాణి కుండ దగ్గర తేలాను. ఆ ప్రయాణం గురించే ఈ వ్యాసం.

పేరు ఒకరిది, పానీయం ఇంకొకరిది

కొంబూచా గురించి ప్రచారంలో ఉన్న కథలకు లెక్కలేదు. క్రీస్తుకు పూర్వం 220 ప్రాంతంలో చైనాలో పుట్టిందని ఒక కథ. క్రీ.శ. 414లో కొంబు అనే కొరియా వైద్యుడు జపాను చక్రవర్తికి తెచ్చి ఇచ్చాడని మరొకటి. ఇవి సీసాల మీద అచ్చు వేసుకోవడానికి బాగుంటాయి గాని చరిత్రగా నిలబడవు. జపాను భాషలో కొంబు అంటే సముద్రపు నాచు, చా అంటే టీ. అక్కడ ఎవరినైనా కొంబూచా అడిగితే నాచు పొడి కలిపిన ఉప్పటి వేడినీళ్ళు ఇస్తారు. మనం కొంబూచా అనే దాన్ని వాళ్ళు "కోచా కినోకో" అంటారు, అంటే ఎర్ర టీ పుట్టగొడుగు అని. పేరు ఎక్కడో దారిలో మారిపోయిందన్నమాట.

రాతపూర్వకంగా గట్టి ఆధారాలు దొరికేది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, రష్యా సామ్రాజ్యం నుంచి. రష్యన్లు దీన్ని "చాయ్‌నీ గ్రీబ్", టీ పుట్టగొడుగు, అన్నారు. 1913లో గుస్తావ్ లిండౌ అనే జర్మన్ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు దీన్ని పరిశీలించి మెడ్యూసోమైసిస్ గిసెవీ అని శాస్త్రీయ నామం పెట్టాడు. సీసాలో పైకి తేలుతూ జెల్లీఫిష్‌లా కనబడుతుంది కాబట్టి మెడ్యూసా. నిజానికి అది పుట్టగొడుగు కాదు, ఒక జీవి కూడా కాదు. ఈస్టులూ, ఎసిటిక్ ఆమ్లం చేసే బాక్టీరియాలూ కలిసి కాపురం చేసే ఉమ్మడి కుటుంబం. ఈస్టు పంచదారని విరిచి ఆల్కహాలు చేస్తుంది. బాక్టీరియా ఆ ఆల్కహాలుని పులుపుగా మారుస్తుంది. ఆ పులుపు బయటి శత్రువులని గుమ్మంలోనే ఆపేస్తుంది.

మరి పైన తేలే ఆ మందపాటి తెట్టు ఏమిటి? అది సెల్యులోజు, అంటే పత్తిలో ఉండే పదార్థమే. కొన్ని ఎసిటిక్ బాక్టీరియాలు సెల్యులోజు నేస్తాయని 1886లోనే ఏడ్రియన్ బ్రౌన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఇక్కడి డెసర్ట్ దుకాణాల్లో తెల్లగా, నములుతుంటే కరకరమనే నాటా డి కోకో ముక్కలు తినే ఉంటారు. ఫిలిప్పీన్స్‌వాళ్ళు కొబ్బరినీళ్ళతో చేసే ఆ ముక్కలు కూడా ఈ బాక్టీరియా నేసిన బట్టే. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో ముందు ముందు చూద్దాం.

అమరకోశంలో పులిసిన గంజి

టీ మనకు కొత్త. మన దేశంలో జనం చేత టీ తాగించడానికి ప్రచారం చెయ్యాలని టీ పరిశ్రమ మీద ప్రత్యేక పన్ను వేసింది 1903లో. అందువల్ల టీని పులియబెట్టే అవకాశం మన ముత్తవ్వలకు రాలేదు. కాని వాళ్ళ దగ్గర బియ్యం ఉంది, గంజి ఉంది.

అమరకోశం చూడండి. పులిసిన గంజికి అందులో ఒకటి కాదు, ఎనిమిది పేర్ల దాకా ఉన్నాయి: ఆరనాళకం, సౌవీరం, కుల్మాషం, అభిషుతం, అవంతిసోమం, ధాన్యామ్లం, కుంజలం, కాంజికం. ఎస్కిమోలకి మంచుకి ఎన్నో పేర్లున్నాయని చెప్పుకుంటాం గాని, ఇది మాత్రం మనం పట్టించుకోలేదు. అన్ని పేర్లు పుట్టాయంటే అది ప్రతి ఇంటా ఉన్న వస్తువై ఉండాలి. ధాన్యామ్లాన్ని ఆయుర్వేద వైద్యులు నేటికీ చికిత్సలో వాడుతున్నారు. మన గంజికి చుట్టమైన దక్షిణాది మాటే ఓడలెక్కి ఇంగ్లీషులో కాంజీ అయింది. ఇక్కడి హాకర్ సెంటర్లో చైనీయుల జావకి బోర్డు మీద కనిపించే మాట అదే.

తెలుగులో దీని పేరు తరవాణి. బ్రౌన్ దొర నిఘంటువులో ఈ మాట ఉంది. కలి అన్న మాట కూడా ఇలాంటి పుల్లని నీళ్ళకే ఉంది. పక్కనున్న ఒడిశాలో తొరాణి అంటారు. పూరీ జగన్నాథుని గుడి దగ్గర టంక తొరాణి అని నేటికీ ఎండాకాలంలో అమ్ముతారు. మనవైపు మాత్రం చిన్న పిల్లలకి ఈ మాట చెబితే ఎవరిదో పేరనుకుంటారు.

మా అమ్మమ్మగారి ఇంట్లో తరవాణి కుండని 1980ల చివర్లో వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు చూశాను. వంటింట్లో ఈశాన్యం మూల, చిన్న పీట మీద, మూతికి పల్చని గుడ్డ కట్టి ఉండేది. అన్నం వార్చిన గంజి చల్లారాక అందులో పోసేవారు. గుప్పెడు అన్నం, కాసిని మంచినీళ్ళు, ఉప్పు, రెండు నిమ్మాకులు వేసేవారు. పొద్దున్నే ఆ పుల్లని నీళ్ళలో రాత్రి అన్నం కలిపి, నంజుకోవడానికి పచ్చిమిరపకాయో ఆవకాయో వేసి పెట్టేవారు. తీసినంత మళ్ళీ పొయ్యడం, ఎప్పుడూ కుండని పూర్తిగా ఖాళీ చెయ్యకపోవడం, ఈ రెండూ అక్కడ శాసనాలు. అడుగున మిగిలిన పాత పులుపే రేపటి తరవాణికి విత్తనం.

కుండ ముట్టుకోవాలంటే స్నానం చెయ్యాలి. ఎంగిలి చెయ్యి తగలకూడదు. లోపల ముంచే గరిట వేరు. పిల్లలం మాకు ఇదంతా మడి చాదస్తంలా కనబడేది. అందులో కులాచారం పాలు ఎంతో, శుభ్రత పాలు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఆ ఆచారం మనుషులని దూరం పెట్టడానికి కూడా పనికొచ్చిందని మరిచిపోకూడదు. కాని ఎంగిలి నోటిలోని క్రిములు విత్తనంలోకి పోకూడదన్న నియమం వరకు చూస్తే, అది ఏ ప్రయోగశాలలోనైనా మొదటి రోజు నేర్పే పాఠమే.

ఇక పాల సంగతి చెప్పనక్కరలేదు. పాలలో వేసే ఆ కాస్త పెరుగుని చేమిరి అన్నాం, తోడు అన్నాం. మనిషికి మనిషి తోడు, పాలకి పెరుగు తోడు. ఆ చుక్క తోడు లేకుండా పాలు విరుగుతాయి గాని పేరుకోవు. పరదేశాల్లో పెరుగు దొరకని రోజుల్లో గోరువెచ్చని పాలలో ఎండుమిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టినవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. తొడిమ మీద సహజంగా ఉండే లాక్టిక్ బాక్టీరియాయే అక్కడ తోడు.

సీమపాకాన పుట్టిన సాక్ష్యం

పాశ్చాత్యులకు ఈ సంగతులు తెలిసింది ఆలస్యంగానే అయినా, తెలిశాక వాళ్ళు లెక్క కట్టి చూపించారు. పాలు పులవడం వెనక సూక్ష్మజీవులున్నాయని లూయీ పాశ్చర్ 1857లో, వినెగర్ వెనకా అవే ఉన్నాయని 1864లో రాశాడు. 1905లో బల్గేరియా విద్యార్థి స్టామెన్ గ్రిగోరోవ్ వాళ్ళ ఊరి పెరుగులోని బాక్టీరియాని వేరుచేశాడు. దాని ఆధారంగానే మెచ్నికాఫ్ పెరుగు ఆయుష్షు పెంచుతుందని ప్రచారం చేశాడు.

ఈ కథలో మన వాడు కూడా ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ వ్యాధి ఆయన అన్నదమ్ములని పొట్టన పెట్టుకుంది. ఆయననీ వేధించింది. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకి పనిచేసిన మందు అదే. అయితే ఆ పదార్థం ఉందో లేదో వాళ్ళు కనిపెట్టింది ఎలాగ? లాక్టోబాసిల్లస్ కేసీ అనే పాల బాక్టీరియా దానికి సాక్షి. ఫోలిక్ ఆసిడ్ ఉంటే అది పెరుగుతుంది, లేకపోతే పెరగదు. అంతకు పదిహేనేళ్ళ ముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరు గర్భిణీల రక్తహీనతని మార్మైట్‌తో నయం చేసింది. మార్మైట్ అంటే ఈస్టు సారం. పులియబెట్టే ఈ చిన్న ప్రాణులు మన మందుల చరిత్రలో కూడా భాగస్వాములని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఏడు దీవులూ ఒక రాగి బిళ్ళా

జురాంగ్ ఐలాండ్ అంటే నిజానికి ఒక దీవి కాదు. పులావ్ ఆయర్ చావాన్, ఆయర్ మెర్బావ్, మెర్లిమావ్, సాక్రా, సెరాయా, పెసెక్, పెసెక్ కెచిల్ అనే ఏడు దీవుల మధ్య సముద్రాన్ని 1990లలో పూడ్చుకుంటూ వచ్చారు. పది చదరపు కిలోమీటర్లైనా లేని నేల ముప్ఫైరెండు అయింది. 2000 అక్టోబరు 14న ప్రధాని గో చోక్ టోంగ్ దీన్ని ప్రారంభించారు. 2009 సెప్టెంబరులో పూడిక పూర్తయింది. ఇప్పుడది చమురు శుద్ధి కర్మాగారాల, రసాయన కర్మాగారాల రాజ్యం. పాస్ లేనిదే వంతెన దాటనివ్వరు. రాత్రి అక్కడ దీపాలు, మంటలు, షిఫ్టు మనుషులే గాని సంసారాలు లేవు.

పూర్వం ఆ దీవుల్లో మలయ్ జాలరి పల్లెలు ఉండేవి. పరిశ్రమ వస్తుంటే వాళ్ళని ప్రధాన ద్వీపానికి తరలించారు. మలయ్ ఇళ్ళలో తాపాయ్ అని ఒక పులిసిన తీపి వంటకం ఉంది. బంకబియ్యం వండి, చల్లార్చి, ఒక తెల్ల బిళ్ళ నలిపి కలిపి ఆకులో చుట్టి రెండు మూడు రోజులు ఉంచుతారు. ఆ బిళ్ళ పేరు రాగి! మన రాగులతో దానికి పనిలేదు. మలయ్‌లో రాగి అంటే పులియబెట్టే తోడు. తడి బజార్లలో ఇప్పటికీ అమ్ముతారు. తాపాయ్ చేసేటప్పుడు శుభ్రంగా ఉండాలి, ఇంట్లో తగువులు పడకూడదు అని వాళ్ళకీ నియమాలున్నాయి. అమ్మమ్మ వింటే సంతోషించేది.

నేను పనిచేసేది కర్మాగారాల్ని నడిపే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మీద. ఉష్ణోగ్రత ఇంత, పీడనం ఇంత, ఆమ్లత్వం ఇంత అని వేల కొలతలు తెర మీద కదులుతుంటాయి. మా బస్సులో వచ్చే ఒక మిత్రుడు కొంబూచా తల్లిని నాకు ఇచ్చింది కూడా చెక్‌పోస్టుకి ఇవతల, బస్సు ఆగే చోటే. సంచీలో జెల్లీఫిష్ లాంటిది తేలుతున్న సీసా ఎందుకుందో తనిఖీ దగ్గర వివరించే ఓపిక మా ఇద్దరికీ లేదు. ఆయన ఇస్తూ అన్న మాట: "గురువుగారూ, పైన బిళ్ళ పోయినా ఫరవాలేదు, కింద నీళ్ళు మాత్రం పారబొయ్యకండి."

ఆ మాటలోనే అసలు రహస్యం ఉంది.

మొదటి కాపు

కొత్తవాళ్ళు పైన తేలే తెట్టునే తల్లి అనుకుని దాన్ని కాపాడుతుంటారు. అది బాక్టీరియా నేసిన దుప్పటి. వంశమంతా ప్రధానంగా ఉండేది నీళ్ళలో. బాగా పులిసిన పాత కొంబూచా తగినంత ఉంటే తెట్టు లేకపోయినా రెండు మూడు వారాల్లో కొత్తది పేరుకుంటుంది. పాత నీళ్ళు లేకుండా తెట్టు ఒక్కటీ వేస్తే మాత్రం బూజుకి విందు పిలిచినట్టే.

లీటరు నీళ్ళకి ఐదారు గ్రాముల మామూలు టీ ఆకు, అరవై డెబ్భై గ్రాముల పంచదార చాలు. మసాలా టీ, నూనె వాసనలు చేర్చిన టీ మొదటి కాపుకి వద్దు. పంచదార తగ్గించాలని చూడకండి, అది మీకు కాదు, వాటికి మేత. టీ పూర్తిగా చల్లారాకే పాత పులుపు కలపాలి. వేడి పాలలో తోడు వేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కరలేదు. లీటరుకి కనీసం నూరు మిల్లీలీటర్లు, మొదటిసారి రెండొందలైనా పొయ్యవచ్చు. మందుల షాపులో దొరికే పీహెచ్ కాగితం ముంచి చూస్తే అంకె నాలుగున్నర కంటే తక్కువ ఉండాలి. మొదటి రోజునుంచే పులుపు ఉంటే హానిచేసే క్రిములకి, బూజుకి చోటు తగ్గుతుంది. ఈస్టు, ఎసిటిక్ బాక్టీరియాలు మాత్రం ఆ పులుపులో హాయిగా బతుకుతాయి. అమ్మమ్మ కుండలో పాత తరవాణి ఎప్పుడూ మిగల్చమన్నది ఇందుకే. మనకి పీహెచ్ కాగితం లేదు గాని నాలుక ఉంది.

మూతికి దగ్గరి నేత గుడ్డ కట్టాలి. గాలి ఆడాలి, ఈగలు దూరకూడదు. ఎసిటిక్ బాక్టీరియాకి గాలి కావాలి కాబట్టి బిగించిన మూత పనికిరాదు. చలిదేశాల్లో వేడి పట్టీలు కడతారు. సింగపూరులో ఏడాది పొడుగునా వేడే కాబట్టి వారం లోపే పులుస్తుంది. ఐదో రోజునుంచి రుచి చూడండి. చెంచా కడిగినదై ఉండాలి, ఒకసారి నోట్లో పెట్టిన చెంచా మళ్ళీ ముంచకూడదు. వేలాడే గోధుమరంగు తీగలు ఈస్టువి, భయం లేదు. పైన పొడిగా, నూగులా, ఆకుపచ్చగానో నల్లగానో కనబడితే అది బూజు. తెట్టు, నీళ్ళు అన్నీ పారబోసి, సీసా మరిగే నీళ్ళతో కడిగి కొత్త విత్తనంతో మొదలుపెట్టాలి. పైది మాత్రం తీసేసి తాగుదామనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

గిన్నె విషయంలో అస్సలు రాజీ పడకండి. గాజు సీసా ఒక్కటే మేలు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగుతుందని మన ఇళ్ళలో చిన్నపిల్లకి కూడా తెలుసు. 1998లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ఒక దంపతుల కథ వచ్చింది. అందమైన మెరుగు పూత ఉన్న పింగాణీ కుండలో కొంబూచా కాచుకున్నారు. పూతలోని సీసం ఆ పులుపుకి కరిగి వాళ్ళ ఒంట్లోకి చేరింది. 1995 ఏప్రిల్‌లో అమెరికాలో అయోవా రాష్ట్రంలో రోజూ కొంబూచా తాగుతున్న ఇద్దరు స్త్రీలు రక్తంలో ఆమ్లం పెరిగి ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఇద్దరి తెట్లూ ఒకే తల్లి నుంచి వచ్చినవి. కారణం కొంబూచాయే అని రుజువు కాలేదు. ఆరోగ్యవంతులు రోజుకి నూటఇరవై మిల్లీలీటర్ల వరకు తాగితే హాని ఉండకపోవచ్చని అప్పటి ప్రభుత్వ నివేదిక చెప్పింది. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, చిన్న పిల్లలు దీని జోలికి పోకపోవడమే మంచిది. పులుపుతో పాటు కాస్త ఆల్కహాలు కూడా ఉంటుంది. 2010లో అమెరికాలో అది అర శాతం దాటుతోందని తేలి దుకాణాల నుంచి సీసాలు తీయించారు.

కుండ ఎలా పోయింది?

ఇంత తెలిసిన మన ఇళ్ళలో తరవాణి ఎందుకు పోయింది? ఎవరూ నిషేధించలేదు. పొద్దున్నే కాఫీ, ఇడ్లీ వచ్చాయి. కుక్కరు వచ్చాక గంజి వార్చడం పోయింది, వార్చకపోతే కుండకి మేత లేదు. ఫ్రిజ్జు వచ్చాక రాత్రి అన్నానికి నీళ్ళు పొయ్యనక్కర లేకపోయింది. వీటన్నిటికంటే పెద్ద కారణం సిగ్గు. పోతన భాగవతంలో గోపబాలకులతో కలిసి కృష్ణుడు ఆరగించిన చల్దిని, పెద్దల మాట చద్ది మూట అని సామెతలో పెట్టుకున్న చద్దిని, "మేం చద్దన్నం తినం" అని చెప్పుకోవడం గొప్పయింది. మా అమ్మమ్మగారి కుండ 1990ల మొదట్లో ఆగిపోయింది. ఆవిడకి జబ్బు చేసి నెల రోజులు రాజమండ్రిలో ఉన్నారు. ఎవరూ గంజి పొయ్యలేదు. అంతే. ఎన్ని తరాల నుంచి వచ్చిందో తెలియని ఒక వంశం ఒక్క నెలలో అంతమైంది.

తరవాణి ఫలానా పద్ధతిలో చెయ్యాలని రాసిపెట్టినవాళ్ళు తక్కువ. చేతి మీదుగా నడిచిన విద్య అది. కొంబూచా అలా కాదు. పారేసినా పక్కింటివాళ్ళ దగ్గర ఉంటుంది, ఎవరో ఒకరు పిల్లని పంచుతూనే ఉంటారు. కొంబూచా బతకడానికి కారణం అదేనని నా అభిప్రాయం. మన తరవాణి కుండ ఇంటి మడిలోనే ఉండిపోయింది. ఇల్లు మారేసరికి పోయింది.

పోయిన ఏడాది మా హెచ్‌డీబీ వంటింట్లో తరవాణి మళ్ళీ పెట్టాను. గంజికోసం అన్నం వార్చాం, కుండ బదులు గాజు జాడీ, తోడుకి రెండు చెంచాల మజ్జిగ తేట. మూడో రోజుకి పులిసింది. ఫోనులో మా దొడ్డమ్మ వాసన ఎలా ఉందని అడిగింది. నిమ్మాకు వేశావా, కుండకి ఎండ తగిలిందా, గంజి చిక్కగా పోశావా పల్చగానా అని ఇరవై నిమిషాలు ప్రశ్నించింది. ఆ ప్రశ్నల్లో సగం నేనెక్కడా చదవలేదు. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు.

కొంబూచా తల్లి కావలసినవాళ్ళకి ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. తరవాణి అలా దొరకదు. మీ ఇంట్లో డెబ్భై దాటిన పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు, ఆరోగ్యం ఎలా ఉందన్న ప్రశ్న తర్వాత, మీ ఇంట్లో తరవాణి ఎలా పెట్టేవారని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.